పీడబ్ల్యూ 1తో ముందుగా మాట్లాడేదెవరు?

కొన్ని నంబర్లకి మన బ్యాచ్‌లో వివరణ అక్కర్లేదు. 404 అంటే పేజీ దొరకలేదు. 420 అంటే ఎలాంటివాడో చిన్నపిల్లాడికి కూడా తెలుసు, ఐపీసీ పోయి 2024 జులై 1 నుంచి బీఎన్‌ఎస్ వచ్చినా సరే. ఈమధ్య ఆ లిస్టులో 498ఏ కూడా చేరింది. హాస్టల్లో ఎవరి పెళ్ళి మాట వచ్చినా "జాగ్రత్త మామా, 498ఏ" అని ఒకడంటాడు, మిగతావాళ్ళు నవ్వుతారు. 2024 డిసెంబర్‌లో బెంగళూరులో ఒక సాఫ్ట్‌వేర్ ఇంజినీర్ ఆత్మహత్య చేసుకున్న వార్త వచ్చాక ఆ నవ్వులో కొంచెం కోపం, కొంచెం భయం కూడా కలిశాయి.

నేను ఆ జోకుల మీద క్లాసు పీకడానికి రాయట్లేదు. ఆ సెక్షన్ కింద పెట్టిన కేసు కోర్టుకి వెళ్ళాక ఏమవుతుంది, ఎక్కడ ఆగిపోతుంది అన్నది మనలో చాలామందికి తెలియదు. నాకూ మొన్నమొన్నటిదాకా తెలియదు. నాది బత్తలపల్లె. అనంతపురం నుంచి కదిరి పోయే దారిలో, ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లాలో ఉంది. చెనక్కాయ పంట, రాని వాన, బెంగళూరు వలస, ఇవే మా వైపు కథలు. ఇంగ్లీష్ మీడియంలో చదివినవాణ్ణి కాబట్టి లా మాటలకి సరైన తెలుగు తట్టనిచోట వాడుకలో ఉన్న మాటే రాసేశాను.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తా. గృహహింస కేసుల్లో చాలామంది ఆడవాళ్ళు చివర్లో మాట మార్చుకోవడానికి పెద్ద కారణం ఒకటుంది: కంప్లైంట్ ఇచ్చిన రోజుకీ, బోనెక్కిన రోజుకీ మధ్య ప్రభుత్వం తరఫున ఆమెతో మాట్లాడే మనిషి ఉండడు. ఆ మనిషి ప్రాసిక్యూటర్ అయ్యుండాలి. దీనికి కొత్త చట్టం కూడా అవసరం లేదు. ఉన్న చట్టంలోనే చోటుంది.

93.6 – 15

2014 జులై 2న సుప్రీంకోర్టు ఆర్నేష్ కుమార్ కేసులో ఇచ్చిన తీర్పు గురించి మీలో కొందరు వినే ఉంటారు. 498ఏ పెట్టగానే ఆలోచించకుండా అరెస్టులు చేయొద్దని పోలీసులకి చెప్పిన తీర్పు అది. అందులో 2012 నాటి నేర గణాంకాలు రెండు ఉన్నాయి. 498ఏ కేసుల్లో ఛార్జిషీటు వేసినవి 93.6 శాతం. శిక్ష పడినవి 15 శాతం.

ఈ రెండు నంబర్లనీ పక్కపక్కన పెట్టి "చూశావా, మిగతావన్నీ దొంగ కేసులే" అనేవాళ్ళు ఉన్నారు. మనం కంప్యూటర్ సైన్స్ వాళ్ళం. ఒక పైప్‌లైన్‌లో వంద రిక్వెస్టులు లోపలికి వెళ్ళి పదిహేనే బయటికి వస్తే, మిగతా ఎనభై ఐదూ ఫేక్ రిక్వెస్టులని లాగ్ చూడకుండా చెప్పేస్తామా? ఏ స్టేజిలో ఎన్ని పడిపోయాయో వెతుకుతాం. కొన్ని నిజంగానే తప్పుడు కేసులు అయ్యుండొచ్చు. కొన్ని రాజీ అయిపోయాయి. కొన్నిట్లో సాక్షులు అడ్డం తిరిగారు. కొన్నిట్లో కంప్లైంటే సరిగ్గా రాయలేదు. నిర్దోషి అని తీర్పు వచ్చిందంటే నేరం రుజువు కాలేదని అర్థం. ఏమీ జరగలేదని అర్థం కాదు.

జరుగుతోందా లేదా అన్నదానికి వేరే లెక్క ఉంది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో పెళ్ళయిన ఆడవాళ్ళలో, 18 నుంచి 49 ఏళ్ళ మధ్యవాళ్ళని అడిగితే, దాదాపు 30 శాతం మంది భర్త చేతిలో హింస చూశామన్నారు. పదిమందిలో ముగ్గురు. వీళ్ళలో స్టేషన్ దాకా వచ్చేది కొద్దిమందే.

కాబట్టి అసలు ప్రశ్న ఇది: 93.6కీ 15కీ మధ్యలో ఏం జరుగుతోంది? ఆ మధ్యలో ఉన్న కుర్చీ ప్రాసిక్యూటర్‌ది.

అందరూ నల్లకోట్లే

సినిమాల్లో పీపీ అంటే "అబ్జెక్షన్ యువరానర్" అని అరిచే మనిషి. నిజంలో 498ఏ కేసులు మేజిస్ట్రేట్ కోర్టులో నడుస్తాయి. అక్కడ ప్రభుత్వం తరఫున వాదించేది అసిస్టెంట్ పబ్లిక్ ప్రాసిక్యూటర్, అంటే ఏపీపీ. క్రిమినల్ కేసు భార్యకీ భర్తకీ మధ్య నడవదు, రాష్ట్రానికీ నిందితుడికీ మధ్య నడుస్తుంది. దెబ్బలు తిన్న మనిషి అందులో కేవలం సాక్షి. ఛార్జిషీటులో ఆమె ఎల్‌డబ్ల్యూ 1. బోనెక్కితే పీడబ్ల్యూ 1. లాయర్ ఫీజు ఆమె కట్టక్కర్లేదు, అది మంచిదే. కానీ ఆ లాయర్ ఎవరో కూడా ఆమెకి తెలియకపోవడం మంచిది కాదు.

మా వీధిలో ఒక అక్క ఉంది. పేరు, అత్తగారి ఊరు, కేసు నడిచిన కోర్టు చెప్పను. భర్తతోపాటు పనికి వలసపోయి, కొన్నేళ్ళు దెబ్బలు తిని, చంకలో బిడ్డతో పుట్టింటికి తిరిగొచ్చింది. కేసు పెట్టింది. ఛార్జిషీటు పడింది. సాక్ష్యానికి సమన్లు రావడానికి దాదాపు మూడేళ్ళు పట్టింది. "నువ్వు చదువుకున్నోనివి కదా, తోడు రా" అంటే నేను కూడా వెళ్ళాను.

ఆ మూడేళ్ళలో ఆమె దగ్గరికి ఎవరెవరు వచ్చారో దారిలో బస్సులో చెప్పింది. భర్త మేనమామ వచ్చినాడు. పెద్దమనుషులు రెండుసార్లు కూర్చున్నారు. సొంత చిన్నాన్నే "ఎన్నాళ్ళని ఇంట్లో పెట్టుకునేది" అన్నాడు. అవతలి లాయర్ దగ్గర్నుంచి కూడా ఒక మనిషి వచ్చిపోయినాడు. ప్రభుత్వం తరఫున మాత్రం ఒక్కరూ రాలేదు. కోర్టు వరండాలో ఏపీపీ గారు ఫైలు చూస్తూ "ఎల్‌డబ్ల్యూ వన్ నువ్వేనామ్మా?" అని అడిగి, మూడేళ్ళ కిందట పోలీసులు రాసుకున్న స్టేట్‌మెంట్ గబగబా చదివి వినిపించారు. ఐదు నిమిషాలు. ఆయన చేతిలో ఆ రోజు ఇంకా చాలా ఫైళ్ళున్నాయి. లోపలికి పోయినాక అక్క "మా మధ్య గొడవలేం లేవు సార్" అంది. హాస్టైల్ అని రాసుకున్నారు. అయిపోయింది.

సాయంత్రం బస్టాండులో నేను అడిగాను, ఆయనతో ఒక మాట చెప్పి ఉండొచ్చు కదా అని. "ఆయప్ప మన పక్క లాయరని నాకెట్ల తెలుస్తాది రా? నల్లకోటు అందరికీ ఒకటే కదా" అంది.

ఆ ఏపీపీ గారు చెడ్డవారని నేననను. ఎక్కువ కేసులు, తక్కువ టైమ్. కానీ ఒక వైపు మూడేళ్ళపాటు మనుషులు వచ్చి మాట్లాడుతూనే ఉన్నారు. ఇంకో వైపు ఐదు నిమిషాలు. ఆమె ఎటు మొగ్గుతుందో ఊహించడానికి ఏ మెషిన్ లెర్నింగూ అక్కర్లేదు.

ఏం చేయొచ్చు?

ఆ తర్వాత నేను చట్టాలు కొంచెం చదివాను, ఒకరిద్దరు లా స్టూడెంట్లని అడిగాను. ప్రాసిక్యూటర్ చేయగలిగిన పనులు నాకు ఇలా అర్థమయ్యాయి.

మొదటిది, ముందుగా ఒకసారి కలవడం. సాక్ష్యం రోజు వరండాలో కాదు, కనీసం వారం ముందు, ఒక గదిలో కూర్చోబెట్టి అరగంట. "నేను ప్రభుత్వ లాయర్ని, నీ కేసు నేనే నడుపుతున్నా. ముందు నేను అడుగుతా, తర్వాత అవతలి లాయర్ అడుగుతాడు. అర్థం కాకపోతే మళ్ళీ అడగమను. ఆయన ఆ పక్కన నిలబడి ఉంటాడు, నువ్వు జడ్జి గారిని చూసి చెప్పు." ఈ నాలుగు మాటలు చాలు. సాక్షికి ఏం చెప్పాలో నేర్పించడం తప్పు. ఏం జరగబోతోందో చెప్పడం తప్పు కాదు. ఆ గదిలోనే ఇంకో ప్రశ్న అడగాలి: "నిన్నెవరైనా బెదిరిస్తున్నారా?" ఆ జవాబు ముందే తెలిస్తే కోర్టు దృష్టికి తీసుకెళ్ళే దారులుంటాయి. బోనులో తెలిస్తే ఆలస్యమైపోతుంది.

రెండోది, కంప్లైంట్‌లో వివరాలు. మనం ల్యాబ్ రికార్డులు ఎలా రాస్తామో తెలుసు కదా. ఒకడు రాస్తే అరవైమంది కాపీ. కంప్లైంట్లు కూడా చాలా వరకు అలాగే ఉంటాయి: "అదనపు కట్నం కోసం భర్త, అత్త, మామ, ఆడబిడ్డలు శారీరకంగా, మానసికంగా హింసించారు." అక్క తన నోటితో చెప్పింది వేరు. ఉగాది ముందురోజు రాత్రి జుట్టు పట్టి గడప బయటికి ఈడ్చినాడని చెప్పింది. బిడ్డకి జ్వరమొస్తే ఆస్పత్రికి డబ్బులడిగినందుకు చెంబుతో కొట్టినాడని చెప్పింది. అవన్నీ "హింసించారు" అనే ఒక్క మాటలోకి వెళ్ళిపోయాయి. తారీఖు లేదు, చోటు లేదు, ఎవరు ఏం చేశారో లేదు.

2024 డిసెంబర్ 10న తెలంగాణ నుంచి వెళ్ళిన ఒక కేసులో సుప్రీంకోర్టు సరిగ్గా ఇలాంటి వివరాల్లేని ఆరోపణల మీదే 498ఏ కేసు కొట్టేసింది. కుటుంబంలో అందరి పేర్లూ ఊరికే చేర్చేయడాన్ని తప్పుబట్టింది. మన గ్రూపుల్లో ఆ వార్త బాగా తిరిగింది. అదే తీర్పులో, నిజంగా క్రూరత్వానికి గురైన ఆడవాళ్ళు నోరు మూసుకుని ఉండాలని తాము చెప్పట్లేదని కూడా కోర్టు అంది. ఆ ముక్క మాత్రం ఎవరూ ఫార్వర్డ్ చేయలేదు.

ఛార్జిషీటు కోర్టుకి వెళ్ళకముందే ప్రాసిక్యూటర్ దాన్ని చదివి, "ఏ రోజు? ఎక్కడ? ఎవరు? ఆడబిడ్డ నిజంగా ఆ ఇంట్లో ఉందా?" అని పోలీసులకి సలహా ఇవ్వగలిగితే రెండు లాభాలు. నిజమైన బాధితురాలి కేసు నిలబడుతుంది. ఏ సంబంధమూ లేని బంధువు అందులో ఇరుక్కోడు. దొంగ కేసుల గురించి భయపడే మగపిల్లలందరూ నిజానికి కోరుకోవాల్సింది మంచి ప్రాసిక్యూటర్‌నే.

మూడోది, ఆమె మాటొక్కటే ఆధారం కాకుండా చూడడం. మా బత్తలపల్లె పేరు చెప్తే చుట్టుపక్కల జిల్లాల్లో కూడా "ఆర్‌డీటీ ఆస్పత్రి ఉండే ఊరే కదా" అంటారు. ఏ ఊరి ఆస్పత్రైనా సరే, దెబ్బలతో వచ్చిన మనిషి కేసుని మెడికో లీగల్ కేసుగా నమోదు చేస్తే ఆ కాగితం మూడేళ్ళ తర్వాత కూడా మాట మార్చదు. కాకపోతే చాలామంది "మెట్ల మీద పడ్డా" అని రాయించుకుంటారు, ఎందుకంటే తీసుకొచ్చినవాడు పక్కనే నిలబడి ఉంటాడు. 112కి ఫోన్ చేసిన రికార్డు, అరుపులు విన్న పక్కింటివాళ్ళు, ఆ రాత్రి అమ్మకి పెట్టిన వాయిస్ మెసేజ్, ఇవన్నీ సాక్ష్యాలే. వీటిని వెతకాల్సింది పోలీసులు. ఫలానాది ఫైల్లో లేదు, తీసుకురండి అని గుర్తుచేయగలిగేది ప్రాసిక్యూటర్.

ఇక్కడ మన సబ్జెక్టు వస్తుంది. కొత్త సాక్ష్య చట్టం, అంటే భారతీయ సాక్ష్య అధినియం, సెక్షన్ 63 కింద ఎలక్ట్రానిక్ రికార్డు ఇవ్వాలంటే ఒక సర్టిఫికెట్ కావాలి. అందులో రెండు భాగాలు. ఒకటి ఆ ఫోనో కంప్యూటరో ఎవరి చేతిలో ఉందో వాళ్ళు ఇవ్వాలి, రెండోది ఎక్స్‌పర్ట్ ఇవ్వాలి. ఆ ఫారంలో హ్యాష్ విలువ రాసే గడి ఉంది. ఎస్‌హెచ్‌ఏ 1, ఎస్‌హెచ్‌ఏ 256, ఎండీ 5 అని పేర్లతో సహా. సెక్యూరిటీ పేపర్లో ఐదు మార్కులకి మనం బట్టీపట్టే అదే హ్యాష్. ఫైల్లో ఒక్క బిట్ మారినా హ్యాష్ మారిపోతుంది కాబట్టి, ఆ మెసేజ్‌ని ఎవరూ దిద్దలేదని చెప్పడానికి అది పనికొస్తుంది. అక్క ఫోన్లో మెసేజ్‌లు ఉండేవి. ఫోన్ పాడై మార్చేసరికి అన్నీ పోయాయి. "ఫోన్ అలాగే దాచమ్మా, స్క్రీన్‌షాట్ ఒకటే చాలదు" అని మొదటి నెలలో ఎవరైనా చెప్పి ఉంటే ఖర్చు సున్నా.

నాలుగోది, ఆ రాత్రి ఆమె ఎక్కడ పడుకుంటుంది అన్న ఆలోచన. ఏడేళ్ళ లోపు శిక్ష ఉన్న కేసుల్లో అరెస్టు తప్పనిసరి కాదు, చాలావరకు నోటీసు ఇచ్చి పంపేస్తారు. ఆ రూల్ నాకు న్యాయంగానే అనిపిస్తుంది. కానీ నోటీసు తీసుకున్న మనిషి సాయంత్రానికి అదే ఇంటికి వస్తాడు. బెయిల్ దాకా వచ్చిన కేసుల్లోనైనా ప్రాసిక్యూటర్ ముందు ఆమెని అడిగి, ఆమె దగ్గరికి వెళ్ళకూడదు, ఫోన్లో బెదిరించకూడదు అనే షరతులు కోరొచ్చు. షరతు తప్పితే బెయిల్ రద్దు చేయమని అడగొచ్చు.

దీంతోపాటు 2005 గృహహింస చట్టం ఉంది. 2006 అక్టోబర్ 26 నుంచి అమల్లో ఉంది. దాని కింద ఇంట్లోంచి గెంటేయకుండా ఉత్తర్వు, ఖర్చులకి డబ్బు, పిల్లల కస్టడీ అడగొచ్చు. మామూలుగా మూడు రోజుల్లో మొదటి వాయిదా ఉండాలని, మొదటి వాయిదా నుంచి అరవై రోజుల్లో తేల్చే ప్రయత్నం చేయాలని చట్టంలోనే రాసుంది. ఆ దరఖాస్తు వేయడం ఏపీపీ పని కాదు. ఫలానా చోటికి వెళ్ళమ్మా, అక్కడ రక్షణ అధికారి ఉంటారు అని ఒక్క వాక్యం చెప్పడానికి ఏ సెక్షనూ అడ్డు రాదు. ఆ రక్షణ ఉత్తర్వుని భర్త ఉల్లంఘిస్తే మాత్రం అది నేరం. ఏడాది దాకా జైలు, లేదా 20,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. అక్కడ మళ్ళీ ప్రాసిక్యూటర్ అవసరం పడుతుంది.

ఐదోది, టైమ్. మా వైపు ఏడాదికి పడే వాన సుమారు 550 మిల్లీమీటర్లు, అదీ నమ్మకం లేదు. చెనక్కాయ పీకే రోజుల్లో ఒక్కరోజు కూలి పోగొట్టుకోవడం అంటే ఏంటో సిటీలో పెరిగినవాళ్ళకి తెలియకపోవచ్చు. వాయిదాకి పోవాలంటే కూలి పోతుంది, బస్సు ఛార్జీ, బిడ్డని ఎవరికో అప్పజెప్పాలి. అంత చేసి పోతే "ఈరోజు లేదు, వచ్చే నెల" అంటారు. నాలుగు వాయిదాలయ్యాక రాజీ అనేది న్యాయం కంటే చవగ్గా కనిపిస్తుంది. సాక్షి వచ్చి ఉంటే మాట వినకుండా వాయిదా వేయకూడదని, ప్రత్యేక కారణాలుంటే తప్ప, క్రిమినల్ ప్రొసీజర్ చట్టమే చెప్తుంది. కొత్త బీఎన్‌ఎస్‌ఎస్ సెక్షన్ 346 వాయిదాలకి రెండు అనే పరిమితి కూడా పెట్టింది. "నా సాక్షి వచ్చింది, ఈరోజే వినండి" అని గట్టిగా అడగాల్సింది ఏపీపీ. సాక్షికి దారిఖర్చులు ప్రభుత్వం నుంచి ఇప్పించమని కోర్టుని అడిగే వీలు కూడా ఉంది.

ఇంకో మంచి విషయం. 2019 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు, అత్తింటి నుంచి గెంటేస్తే ఆమె తలదాచుకున్న ఊళ్ళోనే 498ఏ కేసు పెట్టొచ్చని చెప్పింది. బెంగళూరులో దెబ్బలు తిని బత్తలపల్లె వచ్చిన మనిషి కేసు కోసం మళ్ళీ బెంగళూరు పోనక్కర్లేదు. ఈ ముక్క మా ఊళ్ళో ఎంతమందికి తెలుసు?

ఆరోది, రాజీ. దేశమంతా 498ఏ రాజీకి వీల్లేని కేసు. కానీ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2003లో సవరణ తెచ్చి, కోర్టు అనుమతితో రాజీ పడొచ్చంది. ఒక షరతు పెట్టింది: రాజీ కోరిన రోజు నుంచి కనీసం మూడు నెలలు ఆగాలి, ఆ లోపల ఎవరూ వెనక్కి తగ్గకూడదు. ఐపీసీ కాలం నాటి కేసులకి ఇది వర్తిస్తూ వచ్చింది. నాకు ఆ మూడు నెలల ఆలోచన నచ్చింది. ఎవరో ఆమె చేయి పట్టి సంతకం పెట్టించి ఉంటే, ఆలోచించుకోవడానికి గడువు అది. ఆ గడువులో ప్రాసిక్యూటర్ ఆమెని ఒంటరిగా, పక్కన బంధువులెవరూ లేకుండా, ఒక్కసారి అడగాలి: "ఇది నీ ఇష్టమేనా? డబ్బు చేతికొచ్చిందా, మాటే ఇచ్చారా?" ఆమె అవునంటే అది ఆమె నిర్ణయం. మనకి నచ్చకపోయినా సరే.

"ఆయన ఆమె లాయర్ కాదు కదా?"

ఇదంతా చెప్తే నా రూమ్మేట్ అడిగిన ప్రశ్న అది. కరెక్టే. ప్రాసిక్యూటర్ బాధితురాలి ప్రైవేటు లాయర్ కాదు, పోలీసుల మనిషీ కాదు. ఎలాగైనా శిక్ష వేయించడం ఆయన పని కాదు, నిజాన్ని కోర్టు ముందు పెట్టడం ఆయన పని. నిందితుడికి పనికొచ్చే కాగితం ఉన్నా దాచకూడదు. నేను పైన చెప్పినవాటిలో దేనికీ ఆ హద్దు దాటక్కర్లేదు. భయంతో సగం మాటే చెప్పే సాక్షి వల్ల నిజం బయటికి రాదు కదా.

ఇంకో అనుమానం నాకే వచ్చింది. ఆమెకి వద్దనిపించినా కేసు నడపాలా? అమెరికాలో శాన్ డియాగో నగరం 1980ల చివర్లో ఇలాంటి పద్ధతే పట్టుకుంది. బాధితురాలు వెనక్కి తగ్గినా ఫోటోలు, 911 కాల్ రికార్డులు, డాక్టర్ కాగితాలతో కేసు నడిపేవారు. భర్త వెళ్ళి "కేసు వెనక్కి తీసుకో" అని ఆమెని ఒత్తిడి చేయడంలో అర్థం లేకుండా పోతుందనేది వాళ్ళ వాదన, ఎందుకంటే అది ఆమె చేతిలో ఉండదు. దీనికి విమర్శ కూడా వచ్చింది: ఇంట్లో మొగుడు ఆమె మాట వినడు, ఇప్పుడు ప్రభుత్వం కూడా వినదా అని. నాకు రెండూ నిజమే అనిపిస్తాయి. అందుకే నేను బలవంతం కోరట్లేదు. కేసు బరువంతా ఆమె నోటి మీదే పెట్టకండి, ఆమె ఏం నిర్ణయించుకున్నా అన్నీ తెలిసి నిర్ణయించుకునేలా చూడండి అంటున్నాను. అంతే.

చివరి అభ్యంతరం, టైమ్ లేదు. ఇది నిజం, దీనికి ప్రభుత్వమే జవాబు చెప్పాలి. అయితే అన్నీ ఏపీపీ ఒక్కరే మోయక్కర్లేదు. కోర్టు అనుమతిస్తే బాధితురాలు తన లాయర్‌ని ప్రాసిక్యూషన్‌కి సాయంగా పెట్టుకోవచ్చని చట్టంలో ఉంది. లాయర్‌కి డబ్బుల్లేవంటే, 1987 న్యాయ సేవల చట్టం ప్రకారం ఆడవాళ్ళకి ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం వస్తుంది. ఈ రెండు సెక్షన్లనీ కలిపితే ప్రతి కేసులో ఏపీపీకి ఒక జూనియర్ దొరికినట్టే. కౌన్సెలింగ్‌కి, తాత్కాలికంగా ఉండడానికి సఖి కేంద్రాలున్నాయి. ఏడేళ్ళ లోపు శిక్ష ఉన్న కేసుల్ని పర్యవేక్షించడం ప్రాసిక్యూషన్ అసిస్టెంట్ డైరెక్టర్ పని అని బీఎన్‌ఎస్‌ఎస్ చెప్తోంది. 498ఏ స్థానంలో వచ్చిన బీఎన్‌ఎస్ 85కి మూడేళ్ళ దాకా శిక్ష, అంటే ఆ కేసులు ఆయన కిందకే వస్తాయి. ఎన్ని కేసుల్లో సాక్షి అడ్డం తిరిగింది అన్నది లెక్కపెడుతున్నట్టే, ఎన్ని కేసుల్లో సాక్షిని ముందుగా కలిశారు అన్నదీ నెలనెలా లెక్కపెట్టమని అడగొచ్చు. మనకి తెలుసు, కొలవనిది మెరుగుపడదు.

మనం

మనలో ఎవరూ ప్రాసిక్యూటర్ అవ్వకపోవచ్చు. కానీ మన వీధిలో, మన ఇంట్లో ఒక అక్కో, పిన్నో ఉంటుంది. ఇంట్లో ఇంగ్లీష్ చదవగలిగేది మనమే కాబట్టి సమన్ల కాగితం ముందు మన చేతికే వస్తుంది. అప్పుడు మనం చేయగలిగినవి పెద్దవేం కాదు. 112 అత్యవసరానికి, 181 మహిళా హెల్ప్‌లైన్, 15100 న్యాయ సహాయం, ఈ మూడు నంబర్లూ ఫోన్లో సేవ్ చేసి పెట్టడం. ఫోన్ ఫార్మాట్ చేయనీయకుండా చూడడం. ఆస్పత్రిలో దెబ్బ ఎలా తగిలిందో నిజం రాయించమని చెప్పడం. కోర్టుకి తోడు పోవడం.

వాయిదా తారీఖుకి వారం ముందే ఆమెని తీసుకెళ్ళి ఏపీపీ ఆఫీసు ఎక్కడుందో కనుక్కుని, "సార్, ఈ కేసులో సాక్షి ఈమె. మీతో ఒక అరగంట మాట్లాడాలంట" అని అడగండి. మేడమ్ అయితే మేడమ్ అనండి. వాళ్ళు తిట్టినా పర్వాలేదు, మళ్ళీ అడగండి. అడగడం అలవాటైతే, కలవడం వాళ్ళకి కూడా అలవాటవుతుంది.